అంతుచిక్కని వ్యాధి అనే సాకు

2017 ఆగస్టు 10 రాత్రి గోరఖ్‌పూర్‌లోని బాబా రాఘవ్‌దాస్‌ వైద్య కళాశాల ఆసుపత్రిలో ద్రవ ఆక్సిజన్‌ సరఫరా నిలిచిపోయింది. సరఫరాదారుకు చెల్లించవలసిన బకాయి 60 లక్షల రూపాయలు దాటింది. పలుమార్లు లేఖలు రాసినా ఆ బాకీ తీరలేదు. పిల్లల వార్డులో సిలిండర్ల కోసం పరుగులు మొదలయ్యాయి. చేత్తో నొక్కే గాలి సంచులను తల్లిదండ్రులకే ఇచ్చి, బిడ్డ ఊపిరిని వారి చేతుల్లో పెట్టారు. 10, 11 తేదీల్లో ఆ ఆసుపత్రిలో 30 మంది పిల్లలు చనిపోయారు. వారిలో నవజాత శిశువులున్నారు, మెదడువాపు జ్వరంతో వచ్చినవారున్నారు, ఇతర జబ్బుల పిల్లలూ ఉన్నారు.

ఈ మరణాలకు ఆక్సిజన్‌ కొరత కారణం కాదని ప్రభుత్వం వాదించింది. రాష్ట్ర ఆరోగ్య మంత్రి గత సంవత్సరాల అంకెలు చదివి, ఆ ఆసుపత్రిలో ఏటా ఆగస్టు నెలలో పిల్లల మరణాలు ఎక్కువగానే ఉంటాయని వివరించారు. ఆ మాటపై దేశమంతటా ఆగ్రహం పెల్లుబికింది. ఆగ్రహం న్యాయమైనదే. అయితే మంత్రి తనకు తెలియకుండానే ఒక చారిత్రక సత్యాన్ని ఒప్పుకున్నారు. ఈ మరణాలకు ఒక క్యాలెండరు ఉంది. గోరఖ్‌పూర్‌లో వానలు ముదిరిన ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, ముజఫర్‌పూర్‌లో లిచీ పండ్లు దిగే మే, జూన్‌ నెలల్లో, మన తెలంగాణ జిల్లాల్లో 2003లో జూన్‌ నుంచి ఆగస్టు దాకా. ఏ నెలలో, ఏ జిల్లాలో, ఏ వయసు పిల్లలకు, ఏ వర్గం ఇళ్లలో వస్తుందో ముందే తెలిసిన జబ్బును మన పాలకులు, వారితోపాటు మన పత్రికలు, దశాబ్దాలుగా ఒకే విశేషణంతో పిలుస్తూ వచ్చాము: అంతుచిక్కని వ్యాధి. ఈ విశేషణం చరిత్రను కొంచెం తవ్వి చూడవలసిన అవసరం ఉంది.

కథ ఉత్తరప్రదేశ్‌లో మొదలు కాలేదు. మనకు చాలా దగ్గరలో మొదలైంది. 1955లో నాటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి, దానిని ఆనుకుని ఉన్న ఆంధ్ర ప్రాంతం నుంచి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన రోగులలో జపనీస్‌ ఎన్‌సెఫలైటిస్‌ అనే మెదడువాపు వ్యాధిని భారతదేశంలో తొలిసారి గుర్తించారు. జపాన్‌ ఈ వ్యాధిని 1924 నాటి పెద్ద విజృంభణలో చవిచూసింది. 1935లో అక్కడి శాస్త్రజ్ఞులు వైరస్‌ను వేరుచేశారు. 1954లో టీకాకు అనుమతి ఇచ్చారు. అంటే మన దేశంలో తొలి రోగిని గుర్తించే నాటికే లోకంలో దీనికి టీకా ఉంది. ఆ టీకా వరుసలో గోరఖ్‌పూర్‌ పిల్లవాడి వంతు రావడానికి అటు తరువాత 51 సంవత్సరాలు పట్టింది.

వ్యాధి నడిచే దారి కూడా రహస్యమేమీ కాదు. నీరు నిలిచిన వరి మళ్లలో పుట్టే క్యూలెక్స్‌ జాతి దోమ దీని వాహకం. కొంగల వంటి నీటి పక్షులలో వైరస్‌ నిలిచి ఉంటుంది, పందులలో పెరుగుతుంది, దోమ ద్వారా మనిషికి చేరుతుంది. మనిషి నుంచి మరో మనిషికి పోదు. వైరస్‌ సోకిన సుమారు 250 మందిలో ఒకరికే జబ్బు ముదురుతుంది. ఈ వ్యాధి ఉన్న ప్రాంతాల్లో పెద్దలు చాలామంది అప్పటికే రక్షణ సంపాదించుకుని ఉంటారు గనుక ఆ ఒకరు ఎక్కువసార్లు పదిహేనేళ్ల లోపు బిడ్డే అవుతాడు. మెదడు వాచిన పిల్లల్లో 30 శాతం దాకా మరణిస్తారని, బతికినవారిలోనూ 20 నుంచి 30 శాతం మందికి శాశ్వత వైకల్యం మిగులుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మూర్ఛలు మొదలైన తరువాత వైరస్‌ను చంపే మందు లేదు. ఊపిరి నిలపడం, మూర్ఛలు ఆపడం, మెదడు మీద ఒత్తిడి తగ్గించడం, ఇవే ఆసుపత్రి చేయగలిగినవి. అంటే ఈ వ్యాధి విషయంలో పిల్లల ఆసుపత్రి ఆఖరి మెట్టు. అసలు యుద్ధం జరగవలసినది అంతకు ముందే, ఊళ్లో, టీకా సూది దగ్గర.

1973లో పశ్చిమ బెంగాల్‌లోని బర్ధమాన్‌, బాంకురా జిల్లాల్లో వ్యాధి విరుచుకుపడింది. 1978లో తూర్పు ఉత్తరప్రదేశ్‌కు చేరింది. నేపాల్‌ కొండల నుంచి దిగే నదులు ఏటా ముంచెత్తే తరాయి ప్రాంతం అది. వరి పొలాలు, నిలిచిన నీరు, మనుషుల ఇళ్లను ఆనుకునే పందుల దొడ్లు. స్థానికులు దానికి పెట్టుకున్న పేరు ‘నవ్‌కీ బీమారీ’, కొత్త జబ్బు. ముప్ఫై ఏళ్ల తరువాత కూడా అక్కడి పల్లెల్లో దానిని కొత్త జబ్బు అనే పిలిచేవారు. తండ్రి చిన్నతనంలో వచ్చిన జబ్బు కొడుకుకు వచ్చినప్పుడు కూడా కొత్తదే అయిందంటే, రాజ్యం దానిని ఎన్నడూ తన పాత పద్దుల్లో చేర్చుకోలేదనే అర్థం.

ఆ కాలంలో మన దగ్గర టీకా బొత్తిగా లేదని చెప్పలేము. కసౌలీలోని కేంద్ర పరిశోధన సంస్థ జపాన్‌ పద్ధతిలో ఎలుక మెదడు నుంచి టీకా తయారుచేసింది. కాని అది ఒక్కో బిడ్డకు మూడు మోతాదులు వేయవలసినది, తయారయ్యేది తక్కువ, అడిగే జిల్లాలు ఎక్కువ. చైనా 1988లోనే ఒక్క మోతాదుతో పనిచేసే చవకైన టీకాకు అనుమతి ఇచ్చింది. సరిహద్దుకు అవతల ఉన్న ఆ టీకా మన పిల్లల చేతికి రావడానికి మరో 18 ఏళ్లు, ఒక మహా విషాదం అవసరమయ్యాయి. 2005 వర్షాకాలంలో తూర్పు ఉత్తరప్రదేశ్‌లో 1,300కు పైగా మరణాలు నమోదయ్యాయి. గోరఖ్‌పూర్‌ ఆసుపత్రిలో ఒక్కో మంచం మీద ఇద్దరు, ముగ్గురు పిల్లలను పడుకోబెట్టారు. పశ్చిమ బిహార్‌ నుంచి, నేపాల్‌ తరాయి నుంచి కూడా తల్లిదండ్రులు ఆ ఒక్క ఆసుపత్రికే వచ్చారు. దారిలో మరేదీ లేదు గనుక వచ్చారు. 2006లో కేంద్రం చైనా టీకా తెప్పించి, నాలుగు రాష్ట్రాల్లోని 11 జిల్లాల్లో 1 నుంచి 15 ఏళ్ల పిల్లలకు వేయించింది. తరువాతి ఏళ్లలో మరిన్ని జిల్లాలకు విస్తరించింది. 2013లో హైదరాబాద్‌కు చెందిన భారత్‌ బయోటెక్‌, కర్ణాటకలోని కోలారులో దొరికిన వైరస్‌ రకంతో దేశీయ టీకాను విడుదల చేసింది. కోలారు వైరస్‌, హైదరాబాద్‌ ప్రయోగశాల, గోరఖ్‌పూర్‌ బిడ్డ. ఈ మూడింటినీ కలపగల సామర్థ్యం ఈ దేశానికి ఉందని అది రుజువు చేసింది. లేనిది తొందర.

టీకా వచ్చాక జపనీస్‌ ఎన్‌సెఫలైటిస్‌ కేసుల వాటా బాగా తగ్గింది. కాని వార్డు ఖాళీ కాలేదు. జ్వరం, మూర్ఛలు, స్పృహ కోల్పోవడం అనే లక్షణాలతో పిల్లలు అదే నెలల్లో వస్తూనే ఉన్నారు. అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన మేరకు నిఘా కోసం ఒక విశాలమైన పేరు వాడుకలోకి వచ్చింది: అక్యూట్‌ ఎన్‌సెఫలైటిస్‌ సిండ్రోమ్‌. ఈ పేరు ఒక వ్యాధిది కాదు, కొన్ని లక్షణాల మూటది. కారణం తేలేలోపు కేసులను లెక్కించడానికి వైద్యులు దీనిని పెట్టుకున్నారు. ప్రభుత్వాలు మాత్రం కారణం వెతికే బాధ్యత నుంచి తప్పించుకోవడానికి దానిని వాడుకున్నాయి. జబ్బుకు పేరుంటే ఒక శాఖ బాధ్యత వహించాలి. టీకా అయితే కేంద్రం, దోమ అయితే పురపాలక, పంచాయతీ శాఖలు, తాగునీరైతే మరో శాఖ. సిండ్రోమ్‌ అయితే ఎవరూ బాధ్యులు కారు. పార్లమెంటులో అడిగిన ప్రశ్నలకు వచ్చే లిఖిత సమాధానాలను చదవడం నా వృత్తిలో భాగం. వైద్యం రాష్ట్రాల జాబితాలోని అంశమన్న వాక్యంతో మొదలై, ఒక పట్టికతో ముగిసే సమాధానాల మధ్య ఆ ‘సిండ్రోమ్‌’ అనే మాట ఎంత సౌకర్యంగా ఒదిగిపోతుందో చెప్పలేను.

మూట విప్పి చూసిన శాస్త్రజ్ఞులకు లోపల ఏమి కనిపించింది? 2016లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం గోరఖ్‌పూర్‌ వార్డుకు వచ్చిన మెదడువాపు పిల్లల్లో సగానికి పైగా స్క్రబ్‌ టైఫస్‌ సోకిన ఆనవాళ్లున్నాయి. పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్‌ అనే సూక్ష్మ కీటకం కుడితే వచ్చే బ్యాక్టీరియా జబ్బు ఇది. డాక్సీసైక్లిన్‌, అజిత్రోమైసిన్‌ వంటి మామూలు యాంటీబయాటిక్‌ మందులకు లొంగుతుంది. మెదడుకు పాకడానికి ముందు కొన్ని రోజులు ఉత్త జ్వరంగానే ఉంటుంది. ఆ రోజుల్లో ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చవకైన మందు అందితే ఆ బిడ్డ వంద కిలోమీటర్లు ప్రయాణించి వెంటిలేటరు కోసం వరుసలో నిలబడవలసిన అవసరం రాదు. అంతుచిక్కని వ్యాధిలో సగం, తాళం వేసి ఉన్న ఆరోగ్య కేంద్రం ముందే అంతుచిక్కింది.

ఇదంతా ఉత్తరాది వెనుకబాటు కథ అని తెలుగు పాఠకులు ఊపిరి పీల్చుకోవడానికి వీలు లేదు. 2003 వేసవి చివర, హైదరాబాద్‌ సాఫ్ట్‌వేర్‌ రాజధానిగా ప్రపంచ పత్రికల్లో వెలుగుతున్న రోజుల్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ పల్లెల్లో, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల్లో, రాత్రి జ్వరంతో పడుకున్న పిల్లలు ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవడం మొదలైంది. 329 మంది పిల్లలకు జబ్బు వచ్చింది. వారిలో 183 మంది మరణించారు. పుణె జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రజ్ఞులు దీనిని చండీపురా వైరస్‌తో ముడిపెట్టారు. ఆ వైరస్‌ను 1965లోనే నాగపూర్‌ సమీపంలోని చండీపురా గ్రామంలో కనుగొన్నారు. మట్టి గోడల నెర్రెల్లో, పశువుల కొట్టాల్లో పెరిగే ఇసుక ఈగలు దానిని మోస్తాయని భావిస్తారు. 1953 నుంచి పేదల పిల్లలకు పెద్ద దిక్కుగా ఉన్న హైదరాబాద్‌ నిలోఫర్‌ ఆసుపత్రి వైద్యులలో కొందరు ఇది మెదడువాపు కాకపోవచ్చునని, మెదడు రక్తనాళాల మీద పడిన దెబ్బ కావచ్చునని వాదించారు. వైద్యుల మధ్య అటువంటి వాదం ఉండవలసినదే, శాస్త్రం అలాగే ముందుకు నడుస్తుంది. ప్రశ్న పాలకులది. 38 ఏళ్ల ముందే తెలిసిన వైరస్‌ మీద అంతవరకు ఎంత ఖర్చు పెట్టాము? ఆ తరువాత ఎంత పెట్టాము? 2024లో గుజరాత్‌, దాని పొరుగు రాష్ట్రాల్లో ఇటువంటి కేసులు 245, మరణాలు 82 నమోదయ్యాయి. వాటిలో 64 కేసులు చండీపురా వైరస్‌వేనని పరీక్షల్లో తేలింది. 2003 నుంచి 2024కు 21 ఏళ్లు. ఈ వైరస్‌కు టీకా లేదు, ప్రత్యేకమైన మందు లేదు. పేద దేశపు పేద ఇంటి గోడలోని ఈగ మోసే వైరస్‌కు మార్కెట్‌ లేదు. మార్కెట్‌ లేని చోట రాజ్యం ఉండాలి.

తెలిసి చేయకపోవడం ఎలా ఉంటుందో చూడాలంటే ముజఫర్‌పూర్‌కు వెళ్లాలి. బిహార్‌లోని ఈ లిచీ తోటల జిల్లాలో 1995 నుంచి వేసవి ముదిరినప్పుడు పిల్లలు తెల్లవారుజామున మూర్ఛలతో మేల్కొని, గంటల్లో స్పృహ తప్పి చనిపోతూ వచ్చారు. ‘చమ్‌కీ బుఖార్‌’ అన్నారు. 2014లో మే చివరి వారం నుంచి జూలై మధ్య దాకా అక్కడి రెండు ఆసుపత్రుల్లో చేరిన 390 మంది పిల్లల్లో 122 మంది మరణించారు. ఆ పిల్లలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2017లో ఫలితాలు ప్రచురించారు. లిచీ పండులో హైపోగ్లైసిన్‌ వంటి పదార్థాలుంటాయి. అవి కొవ్వు నుంచి శక్తిని తయారుచేసుకునే శరీర ప్రక్రియను అడ్డుకుంటాయి. కడుపునిండా తినే బిడ్డకు వాటితో నష్టం తక్కువ. పోషణ లేక కాలేయంలో చక్కెర నిల్వ లేని బిడ్డ పగలంతా తోటలో రాలిన పండ్లు తిని, రాత్రి అన్నం లేకుండా పడుకుంటే తెల్లవారేసరికి రక్తంలో చక్కెర ప్రాణాపాయ స్థాయికి పడిపోతుంది. జమైకాలో పండని అకీ పండు తిన్నవారికి వచ్చే జబ్బు వెనుక ఉన్న రసాయనం ఇదే. లిచీ పాత్ర ఎంత, ఎండ పాత్ర ఎంత అన్న విషయంలో తోటల యజమానులకూ పరిశోధకులకూ మధ్య వాదం నడుస్తూనే ఉంది. కాని పరిశోధకుల సిఫారసులు మాత్రం ఏ తోటకూ నష్టం చేసేవి కావు. బిడ్డను రాత్రి అన్నం పెట్టకుండా పడుకోబెట్టవద్దు. ఆసుపత్రికి వచ్చిన వెంటనే రక్తంలో చక్కెర పరీక్షించి గ్లూకోజ్‌ ఎక్కించాలి.

ఈ రెండు వాక్యాల వెనుక ఉన్న నిజాన్ని గమనించాలి. వార్డులో వైద్యుడు ఎక్కించే గ్లూకోజ్‌, ముందు రాత్రి ఆ ఇంట్లో లేని అన్నానికి ప్రత్యామ్నాయం. జబ్బు పేరు మెదడువాపు అని రాసినా, కారణం గడిలో ఆకలి అని రాయాలి.

ఆ సిఫారసుల మీద దృష్టి పెట్టిన సంవత్సరాల్లో ముజఫర్‌పూర్‌లో మరణాలు బాగా తగ్గాయి. 2019లో ఏప్రిల్‌, మే నెలల్లో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. ఆరోగ్య సిబ్బంది ఎన్నికల విధుల్లో ఉండిపోవడంతో ఊళ్లలో అవగాహన కార్యక్రమం కుంటుపడిందని వార్తలు వచ్చాయి. జూన్‌లో బిహార్‌లో 150 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువ మంది శ్రీకృష్ణ వైద్య కళాశాల ఆసుపత్రిలోనే. 2014లో అక్కడికి వెళ్లి 100 పడకల వార్డు హామీ ఇచ్చిన కేంద్ర ఆరోగ్య మంత్రే, అయిదేళ్ల తరువాత అదే పదవిలో మళ్లీ అక్కడికి వెళ్లి మళ్లీ హామీ ఇచ్చారు. ఆ సమీక్షా సమావేశం జరిగిన జూన్‌ 16న భారత్‌, పాకిస్తాన్‌ జట్ల మధ్య ప్రపంచ కప్‌ మ్యాచ్‌ ఉంది. రాష్ట్ర ఆరోగ్య మంత్రి ఎన్ని వికెట్లు పడ్డాయని అడుగుతున్న దృశ్యం దేశమంతా చూసింది. 100 పడకల పిల్లల అత్యవసర విభాగం 2020లో తెరుచుకుంది. మంచిదే. కాని ఆ వార్డు ఎంత ఖాళీగా ఉంటే ప్రభుత్వం అంత బాగా పనిచేసినట్టు లెక్క. ఆ లెక్క చెప్పి ఓటడిగే నాయకుడు మనకింకా పుట్టలేదు. పడకల సంఖ్య చెప్పి ఓటడగడమే మనకు తెలిసిన రాజకీయం.

గోరఖ్‌పూర్‌కు తిరిగి వస్తే, న్యాయంగా రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, 1998 నుంచి 2017 దాకా ఆ నియోజకవర్గ ఎంపీగా ఉన్న యోగి ఆదిత్యనాథ్‌ ఈ వ్యాధి గురించి లోక్‌సభలో పలుమార్లు మాట్లాడారు. ఆయన ముఖ్యమంత్రి అయిన అయిదు నెలలకే ఆక్సిజన్‌ విషాదం జరిగింది. నెపం ఒక వైద్యుడి మీద పడింది. డాక్టర్‌ కఫీల్‌ ఖాన్‌ దాదాపు ఎనిమిది నెలలు జైల్లో ఉన్నారు. 2018 ఏప్రిల్‌లో బెయిలు ఇస్తూ అలహాబాద్‌ హైకోర్టు, ఆయన వ్యక్తిగత నిర్లక్ష్యాన్ని చూపే ఆధారం రికార్డులో లేదని పేర్కొంది. రెండవది, 2018 నుంచి అదే ప్రభుత్వం ఇంటింటి ప్రచారం, టీకాలు, ఊరి స్థాయిలో జ్వర చికిత్స, శుభ్రమైన నీరు అన్నవాటిని ఒక్క కార్యక్రమంగా నడిపింది. అధికారిక లెక్కల ప్రకారం మెదడువాపు మరణాలు భారీగా తగ్గాయి. లెక్కల కచ్చితత్వంపై చర్చ ఉండవచ్చు, దిశపై పెద్దగా వివాదం లేదు. పాలకపక్షం దీనిని తన విజయంగా చెప్పుకుంటుంది. చెప్పుకోనివ్వండి. కాని అదే విజయం ఒక నేరారోపణ కూడా. రెండు మూడేళ్లలో చేయగలిగిన పని ఇదైతే, 1978 నుంచి ఏ పార్టీ లక్నోలో ఉన్నా, ఏ పార్టీ ఢిల్లీలో ఉన్నా, 40 ఏళ్లు ఎందుకు చేయలేదు? ఈ ప్రశ్నకు కాంగ్రెస్‌, సమాజ్‌వాదీ, బహుజన్‌ సమాజ్‌, భారతీయ జనతా పార్టీలన్నీ సమాధానం చెప్పవలసి ఉంటుంది.

మరణించినవారి సంఖ్య అయినా ఎక్కడో నమోదవుతుంది. బతికి బయటపడి, మాట పోగొట్టుకున్న, నడక మరచిన, మూర్ఛలతో పెరుగుతున్న పిల్లల సంఖ్య పార్లమెంటుకు వచ్చే పట్టికల్లో అరుదు. కోలుకున్నవారి గడిలో వారి పేర్లు కలిసిపోతాయి. ఆసుపత్రి లెక్కలో వారు విజయాలు. ఇంట్లో మాత్రం తల్లి కూలి మానుకుని కూర్చోవలసి వస్తుంది.

ఇందులో నా వృత్తి పాత్ర కూడా తక్కువది కాదు. కెమెరాలు ఆగస్టులో వార్డు గుమ్మం దగ్గరకు వస్తాయి. టీకాలు, ఆరోగ్య కేంద్రంలో మందులు, రాత్రి భోజనం గురించి అడగవలసినది మార్చి, ఏప్రిల్‌ నెలల్లో, జిల్లా కలెక్టరు కార్యాలయంలో. ఆ నెలల్లో మేము సీట్ల సర్దుబాట్లు రాస్తూ ఉంటాము. ఇకమీదట ఎక్కడైనా పిల్లల మరణాల వార్తలో ‘అంతుచిక్కని’ అన్న మాట కనిపిస్తే పాఠకులు అక్కడే ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది ఎవరికి అంతుచిక్కలేదు? కిందటేడు కూడా అదే నెలలో, అదే జిల్లాలో వచ్చిందా? వచ్చి ఉంటే, ఆ మాట రాసిన విలేఖరికి ఉత్తరం రాయండి. అది నేనే అయినా సరే.